పిండి పులవని హాస్టల్

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో నాగేశ్వరి నడిపే లేడీస్ హాస్టల్లో పొద్దున టిఫిన్ ఉప్మా. మర్నాడూ ఉప్మానే. ఆదివారం మాత్రం పూరీ. నాగేశ్వరిది రేపల్లె దగ్గర పల్లెటూరు. ఇడ్లీ పిండి రుబ్బడంలో ఆవిడకి వంక పెట్టినవాళ్ళు లేరు. కానీ ఆ హాస్టల్లో పిండి పులవదు. పాలు తోడుకోవు. పెరుగు ప్యాకెట్లు బయటినుంచే వస్తాయి. కొత్తగా చేరిన అమ్మాయిలు మొదటి వారం ఇడ్లీ ఏదని అడుగుతారు, ఆ తర్వాత ఊరుకుంటారు. ఏదో ఒక లోటు లేకపోతే అది హాస్టలెందుకవుతుంది?

లోటు ఇడ్లీకే. దోమ మాత్రం ఒక్కటంటే ఒక్కటి ఉండదు.

కొన్నేళ్ళ కిందట అక్కడ ఒకమ్మాయికి డెంగీ వచ్చి ప్రాణం మీదికి వచ్చింది. ఆ పిల్ల కోలుకుంది గానీ నాగేశ్వరి కోలుకోలేదు. పెరట్లో వావిలి చెట్టు ఉంది. బాలింతల స్నానానికి ఆ ఆకు వాడతారని ఆవిడకి చిన్నప్పటినుంచీ తెలుసు. దోమపిల్లల మీద కూడా పనిచేస్తుందని ఎవరో అంటే విని, ఆకు కోసి, నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి, ఆ పసరు సంపులోనూ డ్రమ్ముల్లోనూ పోయడం మొదలుపెట్టింది. దోమపిల్లలు చావలేదు. పెరగడం మానేశాయి. ఇప్పటికీ డ్రమ్ము మూత తీస్తే తలకిందులుగా వేలాడుతూ అవే కనిపిస్తాయి. మునుగుతాయి, తేలుతాయి, తోకలాడిస్తాయి. రెక్కలు మాత్రం రావు.

ఆ నీళ్ళు పోసుకునే అమ్మాయిలకి గోళ్ళు పెరగవు, జుట్టు పెరగదు. ఒకసారి కనుబొమలు సరి చేయించుకుంటే మళ్ళీ పార్లర్ గడప తొక్కే పని లేదు. హాస్టల్ మొత్తం వెతికినా ఒక్క నెయిల్ కట్టర్ దొరకదు. దీని గురించి ఎవరూ మాట్లాడుకోరు. మాట్లాడుకోవడానికి కరెంట్ అఫైర్స్ బోలెడు ఉన్నాయి.

జ్యోతిక అందరికంటే పాతకాపు. నల్గొండ పక్కన పల్లె నుంచి గ్రూప్స్‌కి చదవడానికి వచ్చింది. నోటిఫికేషన్ వస్తుంది, పరీక్ష వాయిదా పడుతుంది. ఒకసారి రాసింది, కొద్దిలో పోయింది. చేరిన రోజు ఏ ముఖంతో వచ్చిందో ఇప్పటికీ అదే ముఖం. అద్దంలో చూసుకుని, ఇంకా టైముందిలే అనుకుని పుస్తకం తెరుస్తుంది.

ఆ వానాకాలం మీర్‌పేట్‌లో డెంగీ ఇంటింటికీ తిరిగింది. జ్యోతిక చెల్లెలు సంతోషి కాపురం అక్కడే. ఆమె మొగుడు జగన్ హయత్‌నగర్ డిపోలో మెకానిక్. అతనికే జ్వరం వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయాయి. సంతోషికి ఎనిమిదో నెల. జ్యోతికకి భయంతో చదువు ఎక్కలేదు. తనే వెళ్ళి చెల్లెల్ని ఆటోలో తీసుకొచ్చేసింది.

దారిలో ఆటోవాలా వెనక్కి చూసి సంతోషిని అడిగాడు. "మీ చెల్లెనా అక్కా? ఇంటర్ చదువుతుందా?"

"మా అక్క," అంది సంతోషి. అతను నమ్మినట్టు లేదు.

నాగేశ్వరి గుమ్మంలోకి ఎదురొచ్చి సంచీ అందుకుంది. "వట్టి మనిషివి కాదు కదమ్మా, మెల్లిగా రా. ఇక్కడ దోమన్నది లేదు. నిశ్చింతగా ఉండు."

సంతోషికి అక్కడ హాయిగానే ఉంది. కాళ్ళ వాపు ఎక్కువ కాలేదు. నడుంనొప్పి ముదరలేదు. జగన్‌కి జ్వరం తగ్గి డ్యూటీకి పోతున్నాడు. తొమ్మిదో నెల గడిచింది. డాక్టర్ చెప్పిన తారీఖు కూడా దాటిపోయింది. కడుపు మాత్రం వచ్చిన రోజు ఎంత ఉందో అంతే ఉంది.

జ్యోతిక కంగారుగా దవాఖానకి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ స్కాన్ చూసి, పాత స్కాన్ పక్కన పెట్టి మళ్ళీ చూసింది.

"బిడ్డ మంచిగనే ఉన్నది. కానీ అప్పటికీ ఇప్పటికీ ఏం తేడా లేదు. ఎక్కడుంటున్నరు?"

జ్యోతిక చెప్పింది.

"ఆ హాస్టలా? మా మేనకోడలు గూడ ఆడ్నే ఉంటది. నీళ్ళు మార్చుండ్రి," అని డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాసిచ్చి తర్వాతి పేషెంట్‌ని పిలిచింది.

నీళ్ళు మార్చడమంటే మీర్‌పేట్ పోవడమే. అక్కడ పక్కింటి పెద్దాయన డెంగీతో పోయి నెల కూడా కాలేదు. ఇక్కడుంటే దోమ రాదు, బిడ్డా రాదు. అక్కడికి పోతే రెండూ వస్తాయి. జ్యోతికకి ఏమీ తోచలేదు. బహుళైచ్ఛిక ప్రశ్న అయితే ఏదో ఒక గడిలో టిక్కు పెట్టేసేది. చివరికి వంటింట్లో పసరు వడకడుతున్న నాగేశ్వరి దగ్గరికి వెళ్ళింది.

"ఆంటీ, కొన్ని రోజులు గీ పసరు ఆపరాదూ?"

నాగేశ్వరి చేతుల్లో గుడ్డ ఆగింది. "ఆ పిల్లని నేను చేతులమీద మోసుకెళ్ళానమ్మా ఆసుపత్రికి. ముక్కులోంచి రక్తం. వాళ్ళమ్మకి ఫోన్ చెయ్యడానికి నాకు నోరు రాలేదు. ఇంతమంది ఆడపిల్లల్ని పెట్టుకుని మళ్ళీ ఆ రోజు చూడలేను. నన్ను అడక్కు."

ఆవిడ మాటా నిజమే. జ్యోతిక పైకి వచ్చి చెల్లెలితో అంది, "నా ఎగ్జామ్ వచ్చే ఆదివారమే గదా. అది అయిపోంగనే మీ ఇంటికి పోదాం. పరేషాన్ గాకు."

శుక్రవారం ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. పరీక్ష వాయిదా. కొత్త తేదీ తర్వాత చెప్తారట. జ్యోతిక మంచం మీద కూర్చుని ఆ మెసేజ్‌నే చూస్తూ ఉండిపోయింది. సంతోషి ఆమె చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల చిన్న తన్ను. రోజూ తన్నే చోటే, రోజూ తన్నేంత మెల్లిగానే.

"అక్కా," అంది సంతోషి నవ్వుతూ, "వీడు గూడ నీ లెక్కనే ప్రిపేర్ అయితుండు."

ఎగతాళికే అంది. జ్యోతిక నవ్వలేకపోయింది. చెయ్యి వెనక్కి తీసుకుని, మంచం కింది నుంచి తన పెట్టె లాగింది. చెల్లెలి బట్టలు సర్దింది. ఆ తర్వాత తనవీ సర్దింది. తనవెందుకు సర్దుతోందో తనకే సరిగ్గా తెలియదు.

నాగేశ్వరి ఆపలేదు. గుమ్మం దాకా వచ్చి ఒక వాటర్ బాటిల్ చేతిలో పెట్టింది. నిండా పచ్చటి పసరు. "మీ డ్రమ్ములో పొయ్యి. దోమ ముట్టుకోదు," అంటూ కళ్ళు తుడుచుకుంది.

మొదటిరోజు మీర్‌పేట్ నీళ్ళు పోసుకోగానే సంతోషి పాదాలు వాచాయి. వారం గడిచేసరికి పొట్ట ముందుకొచ్చింది. ఆగిన రోజులన్నీ తొందరపడుతున్నట్టున్నాయి. రెండో వారంలో ఒక మధ్యాహ్నం నొప్పులు మొదలై, ఎల్బీ నగర్ చౌరస్తాలో జిల్లా బస్సుల మధ్య ఆటో ఇరుక్కున్నప్పుడు సంతోషి అక్క భుజం కొరికేసింది. దవాఖాన చేరిన గంటలోపే ఆడపిల్ల పుట్టింది. గొంతు గట్టిది.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున జ్యోతిక వంటింట్లోకి వెళ్ళి నిలబడిపోయింది. రాత్రి రుబ్బిపెట్టిన పిండి పొంగి, గిన్నె దాటి, గట్టు మీదికి పారింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది. పుల్లగా ఉంది. ఎందుకో ఏడుపొచ్చింది.

ఆ తర్వాత పెరట్లో డ్రమ్ము మూత తీసింది. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి డ్రమ్ము ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. దోమపిల్లలు గుంపుగా వేలాడుతున్నాయి. చేతిలో పసరు బాటిల్. మూత తిప్పింది. వావిలాకు వాసన గుప్పున కొట్టింది. హాస్టల్ వాసన. పోస్తే దోమ ఉండదు. ఈ నీళ్ళతోనే పిల్లకి స్నానం. పిల్ల ఎప్పటికీ ఇంతే ఉంటుంది, బోర్లా పడకుండా, పళ్ళు రాకుండా, అమ్మా అనకుండా. పోయకపోతే జ్వరం రావచ్చు. పెద్దాయనకి వచ్చినట్టే రావచ్చు. బాటిల్ మూత మళ్ళీ బిగించింది.

"వదినా, పోసినవా?" లోపలినుంచి జగన్ అడిగాడు.

"జగన్, జర ఇటు రా. గీ డ్రమ్ము పట్టు."

ఇద్దరూ కలిసి డ్రమ్ము ఒంచేశారు. నీళ్ళు బండల మీద పారాయి. దోమపిల్లలు ఎండలో కాసేపు గిలగిలలాడి ఆగిపోయాయి. జ్యోతిక కొబ్బరి పీచుతో డ్రమ్ము లోపలంతా తోమింది. కూలర్ ఒంచింది, పాత టైరు తీసేయించింది, కుండీల కింద పళ్ళేలు తుడిచింది. డ్రమ్ములో కొత్త నీళ్ళు పట్టి, దాని మూతికి పాత చీర కట్టింది. బాటిల్‌ని మురిక్కాలువలో ఖాళీ చేసింది. వారం దాటితే దోమపిల్లలకి రెక్కలొస్తాయి కాబట్టి వచ్చే శుక్రవారం మళ్ళీ ఇదంతా చెయ్యాలి. ఆపై శుక్రవారం కూడా. ఆ పని తనకి ఎప్పుడు అప్పగించారో, ఎవరు అప్పగించారో అర్థం కాలేదు.

కొన్నాళ్ళకి పాప తన గోళ్ళతో తనే బుగ్గ మీద గీసుకుంది. "కట్టర్ ఉందా అక్కా?" అని సంతోషి అడిగితే జ్యోతిక తెల్లబోయింది. తన దగ్గర నెయిల్ కట్టర్ లేక ఎన్నేళ్ళయిందో! సందు చివరి దుకాణంలో కొనుక్కొచ్చింది. నిద్రపోతున్న పాపని ఒళ్ళో వేసుకుని, పేపర్ పరిచి, ఊపిరి బిగబట్టి ఒక్కో గోరూ తీసింది. తీస్తూ తన వేళ్ళ వైపు చూసుకుంది.

గోళ్ళు పెరిగి ఉన్నాయి. వాటి కింద డ్రమ్ము మురికి నల్లగా పేరుకుని ఉంది.

పరిచిన పేపర్లో పరీక్ష కొత్త తేదీ వేశారు. రాస్తుందో రాయదో, పాసవుతుందో లేదో తెలియదు. ఈ వయసుకి ఇంకేం పని దొరుకుతుందో అదీ తెలియదు. భయంగా ఉంది, సంతోషంగానూ ఉంది. ఆ తేదీ మీదనే తన పది గోళ్ళూ కత్తిరించుకుంది.

ఆ తర్వాతి శుక్రవారం డ్రమ్ము తోమేనాటికి అవి మళ్ళీ పెరిగాయి.