మావారి పేరుతో నా పరిచయం

అంట్లు తోముతున్నంతసేపూ నాకు ఆలోచనలు బాగా వస్తాయి. చేతులు ఖాళీగా ఉండవు కాబట్టి ఎవరూ ఇంకో పని చెప్పరు, అంతకుమించి కారణం లేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా మాడిన గిన్నె అడుగు గీకుతూ, ఆ బృందానికి నన్ను నేను ఎలా పరిచయం చేసుకోవాలా అని మాటలు కూర్చుకుంటున్నాను. తత్త్వం మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో కలుసుకుని మాట్లాడుకునే చోటు అది. కొత్తగా చేరేవాళ్లు ముందుగా తామెవరో, ఏ ప్రశ్న తమను వదలకుండా వేధిస్తోందో రాయాలట. నీకో ప్రశ్న ఉందా అని నన్ను అడిగినవాళ్లు అప్పటిదాకా లేరు. "చొక్కా ఇస్త్రీ అయిందా", "ఉప్పు వేశావా", ఇవే నన్ను అడిగేవి.

గిన్నెలు బోర్లించి, చేతులు తుడుచుకుని, హాల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. భోజనాలయ్యాక మావారూ అత్తగారూ కునుకు తీస్తున్నారు. నేను పళ్ల డాక్టరు దగ్గర, వచ్చినవాళ్ల పేర్లు పిలిచి లోపలికి పంపే ఉద్యోగం చేస్తాను. లోపలి నుంచి మూలుగు వినబడితే చాలు, బయట బెంచీ మీదున్నవాళ్లంతా తమ దవడలు పట్టుకుంటారు. అది రాశాను. ఇంకొకరి నొప్పి మనకు నిజంగా తెలుస్తుందా, లేక మన నొప్పినే వాళ్లకు తగిలించి చూసుకుంటామా అని రాశాను. అంట్లు తోముతూ రోజూ ఇదే ఆలోచిస్తానని రాశాను. మా అత్తగారి మోకాలి నొప్పి ఇంటిల్లిపాదికీ తెలుసు, నా నడుం నొప్పి సంగతి ఎత్తితే మాత్రం "కూర్చుని పేర్లు పిలవడానికి నడుం నొప్పేంటి" అంటారు. తెలియకపోవడం వేరు, తెలుసుకోనక్కర్లేదనుకోవడం వేరు కదా? అదే నా ప్రశ్న అని ముగించాను. పంపేశాక భయం పట్టుకుంది. పెళ్లిచూపుల్లో కూడా నేనంత భయపడలేదు.

తీరా చూస్తే పైన మావారి పేరు, పక్కన మావారి ఫొటో. మా ఇంట్లో ఉన్న కంప్యూటర్ ఒక్కటే, అందులో ఎప్పుడూ ఆయన ఖాతానే తెరిచి ఉంటుంది. తీసేద్దామని చెయ్యి పెట్టేలోగా అత్తగారు లేచి టీ అన్నారు. టీ ఇచ్చి వచ్చేసరికి స్వాగతాలు వచ్చి పడ్డాయి. అంట్లు తోముతూ ఆలోచించే మగవాడా, మా ఆయనకి చూపిస్తానని ఒకావిడ. అత్తగారి మోకాళ్ల గురించి కూడా పట్టించుకునే అల్లుణ్ణి ఇప్పుడే చూస్తున్నానని ఒక పెద్దాయన. మా ఇంటాయనకు గరిటె ఏ అరలో ఉంటుందో ఈనాటికీ తెలియదు. నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

జరిగింది ఆయనకు చెప్పాను. కళ్లజోడు పెట్టుకుని స్వాగతాలన్నీ పైనుంచి కిందికి చదివారు.

"బాగానే రాశావే! కాకపోతే నన్ను తీసుకెళ్లి పళ్ల డాక్టరు దగ్గర కూర్చోబెట్టావేంటి? మా ఆఫీసువాళ్లు చూస్తే నవ్విపోరూ?"

ఆ ఒక్క ముక్కా మార్చారు. పళ్ల డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్లినప్పుడు గమనించానని రాసుకున్నారు. అంట్లు మాత్రం అలాగే ఉంచారు.

మర్నాడు క్లినిక్‌లో జనం పలచబడ్డాక, నా ఫోన్‌లో నా పేరుతో ఖాతా తెరిచి అదే పరిచయం మళ్లీ పంపాను. బృందాన్ని చూసుకునే ఆయన దాన్ని తీసేసి జవాబిచ్చారు. "అమ్మా, ఇది మన సభ్యులొకరు రాసిందే. ఆయన రాసిన అంట్ల మాటతో సహా మీరు ఎత్తేశారు. ఏదైనా సొంతంగా ఆలోచించి రాయండి."

ఇంటికొచ్చి, అది నాదేనని వాళ్లకు ఒక్క మాట చెప్పమని మావారిని బతిమాలాను.

"ఇప్పుడు చెబితే నా మొహం ఎక్కడ పెట్టుకోను? అయినా మొగుడూ పెళ్లాల మధ్య నీది నాది ఏంటే?"

"ఎవరు రాస్తే ఏంటమ్మా, పేరొచ్చేది మన ఇంటికేగా," అన్నారు అత్తగారు, చిక్కుడుకాయలు తుంచమని పళ్లెం నా ముందుకు తోస్తూ.

నిజానికి ఆయన మీద కోపం కూడా మిగల్లేదు నాకు. ఎవరితోనైనా మాట్లాడాలి, అంతే. ఆ బృందం తప్ప ఇంకో చోటు నాకు తెలియదు. చిక్కుడుకాయలు పక్కన పెట్టి ఫోన్ తీసుకుని మళ్లీ రాశాను. "నేను గృహిణిని. మావారు ఇక్కడి సభ్యులు. ఆయన రాసింది చదివాకే నాకూ ఆసక్తి కలిగింది. సొంతంగా చెప్పగలిగిందేమీ లేదు, మీ దగ్గర నేర్చుకుందామని వచ్చాను."

చిక్కుడుకాయలు అవకముందే చేర్చుకున్నారు. అందరూ పువ్వుల బొమ్మలు పెట్టారు. అందరికంటే ముందు స్వాగతం చెప్పింది పక్కగదిలో ఉన్న మావారు. వాళ్లకు నేను రాసినవాటిలో ఇదొక్కటే అబద్ధం. ఇదొక్కటే నా సొంతమని అందరూ నమ్మారు.