ఎర్రబడ్డ కొలకర్ర

భూమయ్య కొలకర్రకు పేస్టు పూసి, పెట్రోలు బంకు వెనకనున్న డీజిల్ ట్యాంకులోకి దించాడు. ఇరవై రెండేళ్లుగా పొద్దున్నే చేసే పని. కర్ర అడుగు తాకిన చప్పుడు విని, పది లెక్కపెట్టి, పైకి లాగాడు. ఖాకీరంగు పేస్టు నాలుగు వేళ్ల మేర ఎర్రబడింది. ఎర్రబడిందంటే ట్యాంకులో నీళ్లున్నట్టు.

కానీ ఇది ఒమాన్‌లోని సలాలా, పైగా ఖరీఫ్ నెలలు. మన దగ్గర ఖరీఫ్ అంటే నాట్లు. ఇక్కడ ఖరీఫ్ అంటే కొండల మీంచి దిగి మూడు నెలలు కదలని పొగమంచు, ఆగని తుంపర. చేతులు తడి, కర్ర తడి, రిజిస్టరు అట్ట తడి. తడి చెయ్యి తగిలినా పేస్టు ఎర్రబడుతుంది. "ఖరీఫ్‌ల కర్ర అబద్ధమాడుతది" అన్నది బంకులో కొత్తవాళ్లకు చెప్పే మొదటి పాఠం. ఆ పాఠం చెప్పేవాడు భూమయ్యే. కర్ర తుడిచి, రిజిస్టరులో నీళ్ల గడిలో సున్నా పెట్టి, సంతకం చేశాడు.

జగిత్యాల వైపు ఒక ఆసామి పొలంలో ఆయిల్ ఇంజను నడిపిన నాటి అలవాటు మాత్రం అతన్ని వదల్లేదు. తొలి డీజిల్‌ను ఖాళీ తేనెసీసాలో పట్టి కిటికీలో పెడతాడు, ఇవాళా పెట్టాడు. నీళ్లుంటే కాసేపటికి అడుగుకు దిగుతాయి. ఇన్నేళ్లలో ఎన్నడూ దిగలేదు. తోటివాళ్లు నవ్వుతారు. నవ్వనీ, నవ్వితే వాళ్ల పళ్లేం అరగవు.

యాభై ఆరేళ్ల మనిషి. పంపు గొట్టం లాగీ లాగీ కుడి భుజం కిందికి జారింది. గోళ్ల సందుల్లో నలుపు ఏ సబ్బుకూ లొంగదు. సెలవుకు ఇంటికెళ్తే భార్య రాములవ్వ రెండు రోజులు అతని దుప్పటి వేరుగా పెడుతుంది, "నీ దగ్గర బండి వాసనొస్తది" అని. మూడో రోజు నుంచి ఆ వాసన లేందే నిద్ర పట్టదంటుంది. అతని బతుకులో పదిమందికి చెప్పుకోదగ్గ సంగతి ఇదొక్కటే.

ఆ పొద్దున పదకొండు బళ్లకు డీజిల్ పట్టాడు. రైసూత్ రేవు నుంచి వచ్చిన బళ్లు ఒక్కొక్కటే పడమటి ఎత్తు ఎక్కుతూ మంచులో కలిసిపోయాయి. వాటి చప్పుడు వింటూ నిలబడ్డాడు. దూరం వెళ్లేకొద్దీ చప్పుడు సన్నబడాలి. ఇవాళ ఉన్నట్టుండి ఆగిపోతోంది.

మంచులోంచి ముందు చేపల వాసన వచ్చింది. తర్వాత మనిషి వచ్చాడు. చేపల పికప్ నడిపే ఒమానీ ముసలాయన, గంట క్రితం డీజిల్ పట్టించుకున్నవాడే, కాలినడకన తిరిగొచ్చాడు. తెల్లటి పొడుగు చొక్కా మంచులో కలిసిపోయి ముఖమూ చేతులూ మాత్రమే కనిపిస్తున్నాయి.

"డీజిల్ మే పానీ, సదీక్," అన్నాడు మెల్లగా.

సదీక్ అంటే దోస్తు. ఆ గొంతులో కోపం లేదు. అందుకే భూమయ్యకు భయమేసింది.

ఎత్తు వైపు చూశాడు. మంచు లోపల ఆగిన బండి పసుపు దీపమొకటి వెలిగి ఆరుతోంది. పక్కనే ఇంకొకటి. మూడు. నాలుగు. ఒకదానితో ఒకటి కలవకుండా రెప్పలు కొట్టుకుంటున్నాయి. ఇంజన్ల చప్పుడు లేదు, మనుషుల అలికిడి లేదు. మిగతా ఏడు బళ్లూ ఎక్కడున్నాయో.

కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. సీసాలో డీజిల్ కింద రెండు వేళ్ల నీళ్లు. వెనకాల ట్యాంకు మూత దగ్గర ఏదో గుటక వేసినట్టు చప్పుడైంది. మూత రబ్బరు అరిగిన సందులోంచి మూడు వారాలుగా దిగిన తుంపర అడుగున పేరుకుని పేరుకుని, ఈ పొద్దున పంపు గొట్టానికి అందింది. కర్ర ఇన్నాళ్లూ నిజమే చెప్పింది.

సూపర్వైజర్ సమీయుల్లా కడప మనిషి, వయసులో చిన్నవాడు. భూమయ్య వగరుస్తూ వెళ్లి, "సమీ భాయ్, నీళ్లున్నయ్. బంద్ జేద్దాం," అన్నాడు.

"రిజిస్టరులో సున్నా ఉండాది కదన్నా!"

"నేనే రాసిన. కర్ర అబద్ధమాడలే, నేనే నమ్మలే."

"మేనేజరు ఫోన్ ఎత్తడంల్యా. చెప్పకుండా బంద్ చేస్తే ఇద్దరమూ ఇంటికే. తప్పంతా నీ నెత్తినే రుద్దుతారు, భూమన్నా."

"రుద్దనీ."

ఎర్ర బటన్ నొక్కాడు. పంపులన్నీ మూగబోయాయి. తర్వాత ఒక కాగితం మీద, తనకొచ్చిన ఒకే ఒక్క లిపిలో, నాలుగు ముక్కలు రాసి సీసాకు అంటించాడు. మూలనున్న, రోడ్డు మీద హెచ్చరికకు పెట్టే కోన్లు నాలుగు చంకన పెట్టుకున్నాడు. ఈ మంచులో వెనకనుంచి వచ్చే లారీకి ఆగిన బండి, దాని మీద పడేదాకా కనిపించదు.

"పోలీసుకు ఫోన్ చేసినా కదన్నా, వస్తారులే," అన్నాడు సమీయుల్లా.

"అందాక?"

ఎత్తు వైపు నడిచిన భూమయ్య జాకెట్టు మీది వెండి పట్టీలు పది అడుగులు మెరిశాయి. ఆపైన అవీ లేవు.

కాసేపటికి రేవు నుంచి ఒక లారీ వచ్చింది. సమీయుల్లా రోడ్డు మీదికి ఉరికి రెండు చేతులూ ఊపాడు, అరిచాడు. అది ఆగకుండా మంచులోకి వెళ్లింది. బస్తా కింద పడినంత చప్పుడు. అంతే.

మూడు కోన్లు చూసి లారీ పక్కకు తిరిగింది. ఆగి ఉన్న చిన్న బస్సులో పద్నాలుగు మందికి గీత కూడా పడలేదు. నాలుగో కోను, రోడ్డు పక్కన పడి ఉన్న భూమయ్య చేతిలోనే ఉంది.

ముసలాయన ఫిర్యాదు మీద సాయంత్రానికి వినియోగదారుల రక్షణ అధికారి వచ్చాడు. మేనేజరు రిజిస్టరు తెరిచి సున్నా మీద వేలు పెట్టాడు. పోయినవాడి సంతకమనీ, తప్పు పూర్తిగా అతనిదేననీ అన్నాడు. అధికారి కిటికీలో సీసా చూసి, కాగితం మీద ఏముందని అరబ్బీలో అడిగాడు. అక్కడ తెలుగు చదవగలిగినవాడు సమీయుల్లా ఒక్కడే. మేనేజరు అతని వైపు చూసిన చూపుకు భాష అక్కర్లేదు.

సమీయుల్లా ఒక్కో ముక్కా చదివి అరబ్బీలో చెప్పాడు.

"నీళ్లున్నయ్, అమ్మొద్దు. సున్నా నేనే తప్పు రాసిన. మూత రబ్బరు మార్చమని మూడు వారాల కింద చెప్పిన. భూమయ్య."

ఆగి, ఇంకో ముక్క తనే కలిపాడు. "నాకే చెప్పినాడు. నేను మేనేజరుకు చెప్పినా."

అధికారి తన సొంత సీసాల్లో నమూనాలు పట్టి సీలు వేశాడు, కాగితాన్ని ఫోటో తీసుకున్నాడు. ఎత్తు మీద ఆగిన బళ్లన్నిటినీ అప్పటికే లాక్కెళ్లారు, అక్కడ ఇక ఏ దీపమూ లేదు. తేనెసీసా కిటికీలోనే ఉండిపోయింది. దాని అడుగున, ఆ రెండు వేళ్ల నీళ్లలో, పసుపు దీపమొకటి వెలిగి ఆరుతూనే ఉంది.