పచ్చని యాకుల క్రింద నాకలి

చంటిదానికి తన పాలు చాలక యింకిపోవునేమో యన్నదే వీరవేణికి లోకమున నన్నిటికంటె మిక్కుటమగు భయము.

గ్రీష్మారంభమున నొక యుదయమున గోదావరికాలువ నానుకొనిన కడియపు మొక్కలతోటలయందు కుసుమపరాగధూసరితమైన పిల్లగాలి వీచుచుండ, అంటుమొక్కలకు నీరు చిమ్ముచున్న యాయిల్లాలు పదునాలుగు నెలల కూతురూగు చీరయుయ్యెలవైపు నిమిషమున కొకమారు చూచుచుండెను. ఎనిమిదవ తరగతితోనే చదువు మాన్పింపబడిన యామెకు మొక్కల బాగోగులు కంటికి గనబడినంత మేరకే తెలియును. త్రాడు వానకు చివికి తెగునను బెదురున నామె యేడాదిక్రిందట నుయ్యెలకై యంట్లకు కొమ్మలిచ్చు లేతసపోటా తల్లిచెట్టు మొదట నినుపతీగ చుట్టి బిగించెను. తీగకు మీదిభాగము నానాటికి లావెక్కుచుండ చెట్టు ఒళ్లుచేసినదని మురిసెను.

ఆనాడు అంట్లు కట్టు వృద్ధుడు కామరాజు ఎరువు వేయుటకై ఆ చెట్టు మొదలు త్రవ్వి నల్లబడి కుళ్లిన వేరును జూచి, మీది తీగను తడవెను.

"ఎవరే ఈ తీగ బిగించింది?"

"నేనేనండి బాబాయ్. ఆకు పచ్చగానే ఉంది కదండీ? మొదలు కూడా ఒళ్లు చేసిందండి!"

"అది ఒళ్లు కాదే పిచ్చిదానా, కిందికి దిగని కూడు!"

కొయ్యలోని దారునాళకణములు తాము మృతములై బోలుపడి యాబోలువెంటనే వేరునుండి యాకునకు నీరు మోయును. బెరడునంటిన జల్లెడవంటి చాలనీకణములు తమ కేంద్రకమును గోల్పోయియు, ప్రక్కనున్న సహకణముల యాసరాచే బ్రదికి, ఆకు వండిన యన్నమును వేరునకు దింపును. తీగ యా బెరడుత్రోవను నొక్కివేసెను. నీరందిన యాకులు పచ్చగానే నవ్వుచుండ వేరుమాత్ర మేడాదిగా నాకట మాడెను.

ఒక్క ప్రాణికైన కీడు దలపని తన చేతులే, బిడ్డకొఱకే, ఇంతపని చేసెనా! వీరవేణి కూలబడెను. చీరకుచ్చెళ్లు తొలగ నుబ్బిన పాదములు వృద్ధుని కంటబడెను. "బాగా ఒళ్లు చేశావే!" యని తోటి కూలీలు నెలదినములుగా నాటపట్టించునది యా యుబ్బునే.

"పొద్దున్నేం తిన్నావే?"

"టీ తాగానండి."

"మరి నిన్న?"

ఆమె బిడ్డను గుండెకు హత్తుకొనెను. తన కంచములోనిది బిడ్డనోటి కందించి తాను మంచినీళ్లు త్రాగి పండుకొనుట యెప్పటినుండియో యామెకే గుర్తులేదు. పాదముల నుబ్బించినది యొడలు గాదు, తిండిలేక చేరిన నీరు.

"గంగాభవానీ! నీ అన్నం కేరేజీ ఇలా తే. వీరవేణి తిన్నాక నువ్వే దగ్గరుండి ఆస్పత్రికి తీసుకెళ్లు" అని వృద్ధుడు తోటి కూలీని కేకవేసెను.

చదువరీ! నీ ప్రక్కయింట చంటిబిడ్డతల్లి యెవరైన "బాగానే ఉన్నానండి" యని నవ్వుచున్నదా? నేడు ప్రొద్దుగ్రుంకకమునుపే తలుపు తట్టుము. మోముజూచి మరలిపోక పాదములు గాంచుము. ఏమి తింటివని యొక్కమా రడుగుము.