లెక్కలో తీసేసిన ఒకటి

వైర్లు విప్పి మళ్లీ అతికించాడు. సెన్సర్లు మార్చాడు, చిప్ మార్చాడు. అయినా షాపు గుమ్మం దాటి ఇద్దరు లోపలికొస్తే తెర మీద మూడు పడుతోంది.

విద్యార్థులకు ప్రాజెక్టులు కట్టిపెట్టడంలో బాబాయ్‌ది పదిహేనేళ్ల చెయ్యి. ఈసారి పెట్టె సొంత అన్న కూతురిది. గదిలోకి ఎందరు వెళ్లారో, ఎందరు బయటికొచ్చారో గుమ్మం దగ్గరే లెక్కపెట్టి, లోపల ఎందరున్నారో తెర మీద చూపించే యంత్రం. ఇంకో గంటలో పరీక్ష. నిరుడు తప్పింది, ఈసారీ పోతే చదువు మాన్పించేస్తానని వాళ్లమ్మ ఖరాఖండిగా చెప్పేసింది.

"నీ షాపులో దెయ్యముందేమో బాబాయ్."

"ఉంటే కాస్త గది ఊడ్చిపెట్టమను."

నవ్వుతూనే గుమ్మం వైపు ఓసారి చూసి, ప్రోగ్రాం తెరిచాడు. వచ్చిన లెక్కలోంచి ఒకటి తీసి చూపించమని ఒక్క వరుస రాశాడు.

"ఇది మోసం కాదూ?"

"ఎక్కువొస్తే తియ్యడం, తక్కువొస్తే కలపడం. దీన్నే ఇంజనీరింగ్ అంటారు. పద పద!"

ఇద్దరూ లోపలికి నడిచి చూశారు. రెండు. ఆమె పెట్టె చంకన పెట్టుకుని పరుగెత్తింది.

ఆమె వీధి మలుపు తిరిగాక అతనికో అనుమానం తట్టింది. తప్పు పెట్టెలో కాక ఈ గుమ్మంలోనే ఉంటే? కాలేజీలో ఒకటి తగ్గిపోతుంది! ఫోన్ చేశాడు. స్విచాఫ్.

మధ్యాహ్నం ఆమే చేసింది. "పాసయ్యా బాబాయ్! ఐదుగురం వెళ్తే ఐదే చూపించింది!"

'హమ్మయ్య' అనబోయి ఆగిపోయాడు. ఒకటి తీసేశాక ఐదంటే, గుమ్మం దాటినవి ఆరు.

పొద్దున మార్చిన పాత సెన్సర్లు, పాత చిప్ పక్కనే పడున్నాయి. ఆ చిప్‌లో ఒకటి తీసెయ్యమన్న వరుస లేదు. వాటిని ఇంకో తెరకి కలిపి గుమ్మానికి తగిలించి, బయటినుంచి లోపలికి నడిచాడు. ఒకటి. వారం రోజుల్లో మొదటిసారి, ఒక్కడొస్తే ఒకటి. వెంటనే ఆమెకి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావమ్మడూ?"

"ఇంట్లో. అమ్మకి చూపిద్దామని మన గుమ్మానికే బిగించా. తనింకా రాలేదు, నేనొక్కదాన్నే. ఇదిగో, ఒకటి! కరెక్టే కదా?"

ఒకటి తీసేశాక ఒకటంటే, ఆమె వెంట ఇంకొకటి ఉంది. అన్నకి ఉన్నది ఒక్కతే కూతురు.

"పెట్టె పట్టుకుని షాపుకొచ్చెయ్. ఇప్పుడే."

"ఎందుకూ?"

"రమ్మన్నానా!"

పావుగంటలో ఆమె గుమ్మం దాటింది. తెర మీద ఒకటి కాస్తా మూడైంది.

"పెట్టె అక్కడ పెట్టి ఇంటికెళ్లిపో."

"మిఠాయి పెట్టవా? పిసినారీ!" అంటూ ఆమె వెళ్లిపోయింది.

రెండు.

అతను తెర వంక చాలాసేపు చూశాడు. అది ఒకటికి దిగలేదు; ఆమె వెంట ఇంకేదీ బయటికి పోలేదు. అప్పుడు నిజంగానే "హమ్మయ్య" అనుకుని, లేచి తలుపేసుకున్నాడు.