గుట్ట మీద పెత్రమాస బియ్యం

నేను ఒక గుట్టను. దేవుడు పుట్టించిన గుట్టననుకునేరు, కాను. మనుషులు పోసిన గుట్టను. బాయిలోంచి, అదే గనిలోంచి, బొగ్గుతో పాటు పైకొచ్చిన రాయీ రప్పా మట్టీ పట్టాల మీది టబ్బు బండ్లకొద్దీ తెచ్చి ఇక్కడ కుమ్మరించారు. బొగ్గు రైలెక్కి ఊళ్లేలడానికి పోయింది. పనికిరానిదంతా నేనయ్యాను.

నలభై ఏళ్లు నన్ను తిట్టని నోరు లేదు. గాలి వీస్తే ఆరేసిన బట్టలన్నీ నల్లబడేవి. ఆడవాళ్లు నా వైపు తిరిగి మెటికలు విరిచేవారు. బాయి మూతపడ్డాక ఒక పెద్దాయన కారు దిగి, నన్ను కిందినుంచి పైదాకా చూసి, "ఇది మన వారసత్వం" అన్నాడు. అంతే! చుట్టూ కంచె, ఎక్కడానికి మెట్లు, టికెట్ల గది, నా ఎత్తూ బరువూ రాసిన బోర్డు. నవ్వొచ్చింది. కాస్త గర్వమూ కలిగింది, దాచడమెందుకు!

ఈ వైభవంలో ఇరుక్కున్నది ఓదెమ్మ ఒక్కతే. ఆమె భర్త కొమురయ్య బాయిలో పైకప్పు కూలి పోయాడు. శవం దొరకలేదు, ఆ భాగానికి గోడ కట్టి మూసేశారు. ఆయన మీద పడ్డ రాళ్లలో కొన్ని మాత్రం టబ్బులెక్కి నా దగ్గరికొచ్చాయి. కాల్చడానికి ఏమీ మిగలని ఆడమనిషి ఏం చేస్తుంది? ఏటా పెత్రమాస నాడు, పోయినవాళ్ల పేరున అందరూ అయ్యగారికి బియ్యమిచ్చే రోజున, ఆమె నా మీదికెక్కి ఒక చోట ఇస్తరాకేసి, బియ్యమూ గుమ్మడికాయ ముక్కా పెట్టేది. నిజానికి ఆ చోట ఉన్నవి ఆ రాళ్లు కావు. అవి ఎటు జారిపోయాయో నాకే తెలియదు. నోరున్నా చెప్పేదాన్ని కాను లెండి.

కంచె పడ్డాక మొదటిదైన మొన్నటి పెత్రమాసకు గేటు దగ్గర కావలి సమ్మయ్య అడ్డుకున్నాడు.

"అవ్వా, తినేటియి లోపటికి తీస్కపోవద్దు. రూలు."

"తినేది నేను గాదు బిడ్డా, మా ఆయన."

"ఆయనేడి మరి?"

"అగో, ఆ రాళ్ల కింద."

సమ్మయ్య నా వైపు చూశాడు గానీ గేటు తియ్యలేదు. ఈ పూట దాటితే మళ్లీ ఏడాదిదాకా ఆయన పస్తేనని ఓదెమ్మ ఊచలు పట్టుకుని ఏడ్చింది. రాళ్లకు మనసుండదంటారు. అబద్ధం.

అంతలో పట్నం జనానికి నా చరిత్ర చెబుతున్న గైడు శ్రావణ్, సంగతి విని పరుగున వచ్చాడు. "తియ్యి గేటు! అసలు వారసత్వమంటే ఇదే!" అని ఆమెను చెయ్యి పట్టి మెట్లెక్కించాడు. ఓదెమ్మ ఇస్తరేసి బియ్యం పోసింది. "ఆలిశమైంది, ఏమనుకోకయ్యా. తిను" అంది. ఆమె చుట్టూ పది ఫోన్లు లేచాయి.

శ్రావణ్ మర్యాదగానే అడిగాడు. "మస్తుగుంది అవ్వా. ఇగ పతి ఆదివారం రారాదు? జనం బాగొస్తరు. గిట్లనే చేద్దువు."

ఓదెమ్మ మోకాళ్ల మట్టి దులుపుకుని లేచింది.

"పతి ఆదివారం ఎట్లొస్త బిడ్డా? మా ఆయన సచ్చింది ఒక్కసారే గదా."

టికెట్టు కొని నన్ను చూడవచ్చిన జనం ఆ పూట నన్ను చూడలేదు. మెట్లు దిగిపోతున్న ఆమెనే చూస్తూ నిలబడ్డారు.