ఎందుకమ్మ

ముప్పై ఒకటో మెట్టు మీద లెక్కల టీచరు ఆగింది. పొడవాటి చెక్క స్కేలును చేతికర్రలా ఆనించి, ఎవరైనా చూస్తున్నారేమోనని ఒకసారి కిందికీ ఒకసారి పైకీ చూసింది. ఊపిరి అందడం లేదు. ముప్పై ఒకటి ఏ భాగహారానికీ లొంగని సంఖ్య, ఆగడానికి మర్యాదైన చోటే అనుకుని నవ్వుకుంది. ఇంకో ముప్పై ఒకటి ఎక్కితే పదో తరగతి.

బక్కపలచటి మనిషి. చెంప మీద ఎప్పుడూ ఓ సుద్దగీత ఉంటుంది. ఈ ఆడపిల్లల బడిలో ముప్పై మూడేళ్ళుగా అట్టడుగు గదిలో ఒకటో తరగతికి అంకెలూ, అన్నిటికన్నా పై గదిలో పదో తరగతికి సమీకరణాలూ, నడుమనున్న వాళ్ళకు నడుమనున్నవన్నీ ఆమే చెబుతోంది. జవాబు సరిగ్గా వచ్చినా “ఎందుకు?” అని అడగనిదే వదలదు కనుక పిల్లలు ఎందుకమ్మ అని పేరు పెట్టారు. ఆ పిల్లల కూతుళ్ళు కూడా ఇప్పుడు చాటుగా అదే పేరుతో పిలుస్తున్నారు. ఆమెకు తెలియదనుకుంటారు.

పొద్దున గంట కొట్టకముందే హెడ్‌మిస్ట్రెస్ పిలిపించింది. ఒకప్పుడు ఈవిడ దగ్గరే భిన్నాలు రాక ముక్కు చీదుకుంటూ ఏడ్చిన పిల్ల.

“మీ చెల్లెలు ఫోన్ చేసింది టీచర్. గుండె బాగాలేదటగా, మెట్లెక్కొద్దని డాక్టరు ఎప్పుడో చెప్పాడట. మాకు ఒక్క ముక్కైనా చెప్పలేదేం?”

“దాని నోట్లో నువ్వుగింజ నానదు.”

“నవ్వులాట కాదండీ. పైక్లాసో కిందిక్లాసో ఏదో ఒకటి వదిలెయ్యండి. చిన్నపిల్లలకి ఒకట్లూ రెండ్లూ ఎవరైనా చెప్తారు. సాయంత్రంలోగా నాకు మాట కావాలి.”

ఆ మాట మోసుకునే ఆమె పైకి చేరింది. బేసి సంఖ్యలను ఒకటి నుంచి వరసగా కలుపుతూ పోతే ఎప్పుడూ వర్గమే వస్తుందని బోర్డు మీద రాసింది. ఒకటీ మూడూ నాలుగు. ఇంకో ఐదు కలిపితే తొమ్మిది. ఇంకో ఏడు కలిపితే పదహారు.

“ఎందుకు?”

“సూత్రం కదా టీచర్,” అంది ముందు బెంచీ పిల్ల.

గంట కొట్టారు. ఆమె కిందికి దిగి, ఒకటో తరగతిలో నేల మీద చతికిలబడి, డబ్బాలోని గుండీలు గుమ్మరించింది. పిల్లలు వాటిమీద పడ్డారు. మూలన ఒక పిల్ల మాత్రం, నోట్లోంచి మాట ఊడిపడని పిల్ల, తన గుండీలతో గళ్ళు పేరుస్తోంది. ఒక గుండీ పెట్టింది. దానికి కుడివైపూ కిందివైపూ కాపలాగా మూడు. వాటి చుట్టూ ఐదు. ఆ పైన ఏడు. పేర్చిన ప్రతిసారీ అది నలుచదరంగా నిలిచింది.

టీచరు దగ్గరికి జరిగింది. “ఇప్పుడెన్ని కావాలే, తల్లీ?”

“తొమ్మిది.”

“ఎందుకు?”

“ఈ పక్క నాలుగు, ఆ పక్క నాలుగు. మూలనొకటి. మూలదానికి జత లేదు కదా, పాపం.”

ముప్పై మూడేళ్ళుగా పై గదిలో సుద్ద అరగదీసి చెప్పినదాన్ని ఈ కింది గదిలో ఆరేళ్ళ పిల్ల గుండీల్లో పట్టుకుంది. టీచరు గుండీలు డబ్బాలోకెత్తి, ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. అరవైరెండు మెట్లూ ఎక్కారు. దారిలో ఆగినప్పుడల్లా ఆ పిల్ల కూడా ఓపిగ్గా ఆగింది.

పదో తరగతి పిల్లలు బెంచీలు దిగి బల్ల చుట్టూ మూగారు. చిన్నది ముక్కాలిపీట మీద నిలబడి మళ్ళీ పేర్చింది, “మూలదానికి జత లేదు,” అని మళ్ళీ చెప్పింది. లెక్కలంటే ఆమడ దూరం పారిపోయే చివరి బెంచీ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని, “అంటే... ఇది ఎప్పటికీ ఆగదా?” అంది.

“గుండీలైపోతే ఆగుతుంది,” అంది చిన్నది.

అందరూ ఘొల్లుమన్నారు. గుమ్మంలో హెడ్‌మిస్ట్రెస్ కూడా నవ్వుతోంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

“ఇప్పుడు చెప్పవే,” అంది టీచరు ఆమెవైపు తిరిగి, ఆయాసపడుతూ. “మొదలు వదలమంటావా, చివర వదలమంటావా?”

హెడ్‌మిస్ట్రెస్ గుండీల దగ్గరికొచ్చింది. “మీరేదీ వదలక్కర్లేదు. రేపట్నుంచి పదో తరగతినే కిందికి దింపుతాను. ఒకటో తరగతి పక్కగదిలోకి.”

ఆఖరి పీరియడు ఆమెకు ఖాళీ. టీచర్ల గదిలో కిటికీ పక్కన కూర్చుని ఐదో తరగతి నోటుపుస్తకాలు దిద్దుతోంది. బడి వదిలాక తాళం వెయ్యడానికొచ్చిన ఆయా, తల వాల్చి ఉన్న ఆమెను చూసి, కునుకు తీస్తున్నారనుకుని చప్పుడు కాకుండా కిటికీ మూసింది. తరవాత భుజం తట్టి లేపబోయింది.

రెండు రోజులు బడి మూశారు. తెరిచిన పొద్దున, ఎవరూ చెప్పకుండానే పదో తరగతి పిల్లలు ఒక్కో బెంచీకి నలుగురేసి పట్టుకుని కిందికి మోసుకొచ్చారు. ఆఖరి బెంచీ దిగేదాకా హెడ్‌మిస్ట్రెస్ మెట్ల పక్కనే నిలబడింది. తరవాత నోటుపుస్తకాలు తీసుకుందామని టీచర్ల గదిలోకి వెళ్ళింది.

అన్నిటికన్నా పైనున్న పుస్తకం తెరిచే ఉంది. అందులో ఎవరో పిల్ల భిన్నాల లెక్క మూడు వరసలు సరిగ్గా చేసి, నాలుగో వరసలో దారి తప్పింది. పక్కనే ఎర్రసిరాలో గుండ్రటి అక్షరాలు: “ఇంతవరకూ చక్కగా వచ్చావు. ఇక్కణ్ణుంచి”