ఆరని అతుకు

ఏటి ఒడ్డున అందరూ అతన్ని జిగురు మేస్త్రి అనేవారు. చెక్కపడవకు పగులొస్తే ఎపాక్సీ జిగురుతో అతుకు వెయ్యడంలో అతని చేతికి తిరుగులేదని పేరు. ఏడాదిగా ఆ పేరు వినబడితే చాలు, అతను తల దించుకుని పక్కకు తప్పుకునేవాడు.

అతని బావ, అంటే అక్క మొగుడు, ఏరు దాటించే పడవ నడిపేవాడు. కిందటేడు వానల్లో నడి ఏట్లో పడవ అడుగు నుంచి నీళ్ళు తన్నుకొచ్చాయి. ఎక్కిన నలుగురినీ ఎలాగో గట్టుకు చేర్చి, ఆఖరుకు తను మునిగిపోయాడు. గాలివాన పొట్టన పెట్టుకుందన్నారు జనం. పడవను ఒడ్డుకు లాగిన రోజునే, తను వేసిన అతుకు పెచ్చులా ఊడి ఉండటం మేస్త్రి చూశాడు. నోరు మెదపలేదు.

ఇప్పుడు అక్కే వచ్చి అడిగింది. "ఆ పడవ బాగుచెయ్యరా. ఇక నేనే నడుపుతాను. ఇద్దరు పిల్లల్ని పెట్టుకుని ఎన్నాళ్ళని ఒకరి చెయ్యి చూడను?"

కాదనడానికి అతనికి మొహం చెల్లలేదు.

ఆ వారమంతా ముసురు. షెడ్డు గోడలు సైతం చెమర్చాయి. మేస్త్రి పడవ చుట్టూ టార్పాలిన్ కట్టి, జిగురు డబ్బాలను వేడినీళ్ళలో పెట్టి, రెసిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కొలతగా కలిపి, పగులు మీద గాజునూలు గుడ్డ పరిచి మొదటి పూత వేశాడు. మర్నాడు పొద్దున అక్క వచ్చి దాని మీద వేలు రాసింది.

"ఇదేంట్రా, మైనం పూసినట్టు జిడ్డుగా ఉంది?"

కిందటేడు బావ కూడా ఇదే మాట అడిగాడు. ఏం కాదు బావా, ఇంకో పూత వేస్తే సరి అన్నాడు తను. ఆ మాటే మళ్ళీ నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"చలికీ తేమకీ అలా పైకి తేలుతుందక్కా. నీళ్ళతో కడిగి, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది, అప్పుడు వెయ్యాలి రెండో పూత. లేకపోతే పట్టదు." చేతిలో గుడ్డ కింద పెట్టాడు. "కిందటేడు నేను కడగలేదు."

అక్క అతుకు మీంచి వేలు వెనక్కి తీసుకుంది. "ఎందుకని?"

"వాన వదల్లేదు. బావ కూడా తొందరపడ్డాడు..." అని నాలుక కరుచుకున్నాడు. "లేదక్కా. బావ ఆగుదామనే అన్నాడు. తొందర నాదే. ఇంకో పడవ పని ఒప్పుకున్నాను."

"ఏడాదిపాటు నా కళ్ళలోకి ఎలా చూడగలిగావురా?"

జవాబు కోసం ఆగకుండా ఆ వానలోనే వెళ్ళిపోయింది.

మూడు రోజులు రాలేదు. అతను జిడ్డు కడిగి, ఆరనిచ్చి, రుద్ది, తెరిపి కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు. నాలుగో రోజు ఆమె గుమ్మంలో కనబడగానే లేచి నిలబడ్డాడు.

"వేరే మేస్త్రిని చూసుకో అక్కా."

"వేరేవాడికి నీకున్నంత భయం ఉంటుందా? నువ్వే చెయ్యి. అంతమాత్రాన క్షమించాననుకోకు." కళ్ళు ఒత్తుకుంది. "ఆ రోజు పడవెక్కిన నలుగురి ఇళ్ళకీ వెళ్ళు. తప్పు గాలివానది కాదని నీ నోటితోనే చెప్పు."

వెళ్ళాడు. ఒకరు తిట్టారు, ఒకరు మొహాన తలుపేశారు, ఒక ముసలాయన మాత్రం బావ తనను గట్టు మీదకి ఎలా తోశాడో చెబుతూ భోరున ఏడ్చాడు. ఆ నెలలో మేస్త్రికి రావలసిన పనులు రెండు తప్పిపోయాయి. ఎందుకని అడగలేదు.

తెరిపిచ్చాక, తొందరపడకుండా మిగతా పూతలు వేశాడు. వారం తర్వాత పడవ నీళ్ళలోకి దిగింది.

"ఎక్కు," అంది అక్క. అతను అడుగు చెక్కల మీద, అతుకు పక్కనే కూర్చున్నాడు. ఆమె తెడ్డు వేసింది. పడవ ఏరు దాటసాగింది. అతను మాటిమాటికీ చెక్క తడిమి చూసుకున్నాడు. చెయ్యి తడవలేదు.

అవతలి గట్టున ఏరు దాటడానికి పదిమంది దాకా నిలబడి ఉన్నారు.

"దిగరా," అంది అక్క, మెల్లగా. "వాళ్ళని ఎక్కించుకోవాలి."